మెడ కింద మా మనిషి

మొన్న హనుమాన్ జంక్షన్‌లో పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లి నా వంతు కోసం కూర్చుంటే, ఎదురుగా గోడ మీద ఆయన కనిపించాడు. తల ఆయనది కాదు. తల డాక్టరుగారి నాన్నగారిది. మెడ కింద నుంచి మాత్రం మా మనిషే. ఆ భుజాలు, ఆ కండువా మడత, కుర్చీ చెయ్యి మీద తీరిగ్గా వాలిన ఆ కుడిచెయ్యి. కింద మూలన నా సంతకం కూడా ఉంది, ఎవరూ చదవలేనంత చిన్నగా. మా మనిషి పోయి రెండేళ్లు దాటింది. దవడ నొప్పి మర్చిపోయి చూస్తూ ఉండిపోయాను. నా పేరు పిలిచినా వినిపించుకోలేదట, నా తర్వాత వచ్చినావిడ లోపలికి వెళ్లిపోయింది.

నేను విజయవాడ గాంధీనగరంలో బొమ్మలు వేస్తాను. బొమ్మలంటే పోయినవాళ్ల బొమ్మలు. బతికుండగా పెద్ద బొమ్మ వేయించుకోవడం మా వైపు అశుభం, దండకి కొలత ఇచ్చినట్టుంటుందని భయం. అందుకని నా దగ్గరికి మనిషి రాడు. మనిషి పోయాక కొడుకు వస్తాడు, చేతిలో ఆధార్ కార్డు పట్టుకుని. అందులో తపాలా బిళ్లంత ఫోటో. పెద్దకర్మ నాటికి బొమ్మ తల నుంచి పాదాల దాకా కావాలంటాడు. నలుపు కాస్త తగ్గించమంటాడు. కొంచెం నవ్వుతున్నట్టు వెయ్యమంటాడు, ఫోటోలో ఆ పెద్దాయన కెమెరా వాణ్ణి కొట్టబోతున్నట్టు చూస్తుంటాడు. ఇవన్నీ ఎలాగో పడేవాణ్ణి. అసలు చిక్కేమిటంటే ఆధార్ కార్డులో మెడ కింద మనిషి ఉండడు. ఒళ్లు ఎక్కణ్ణించో తేవాలి.

ఆ ఒళ్లు ఆయనది. మా షాపు పక్కనున్న సినిమా హాల్లో టికెట్లు ఇచ్చేవాడు. హాలు పడగొట్టి కాంప్లెక్సు కట్టాక కూడా అలవాటు కొద్దీ పొద్దున్నే తలదువ్వుకుని వచ్చేవాడు. కూర్చోడానికి బుకింగ్ గది లేదు గనక నా షాపులో కూర్చోవడం మొదలుపెట్టాడు. పెళ్లి చేసుకోలేదు, వన్‌టౌన్‌లో ఒక గదిలో ఉండేవాడు. పేరున సెంటు భూమి లేదు గాని, ఆయన కుర్చీలో కూర్చుంటే యాభై ఎకరాల మాగాణి కూర్చున్నట్టుండేది. ఒకరోజు ఎవరో సర్పంచిగారి భుజాలు కుదరక నాలో నేను తిట్టుకుంటుంటే, నన్ను చూసి వెయ్యండి, ఊరికే కూర్చునే ఉన్నాగా అన్నాడు. ఆనాటి నుంచి ఈ జిల్లాలో పెద్దమనుషులు చాలామంది మెడ కింద ఆయనే. నేను బాబాయిగారూ అనేవాణ్ణి. ఆయన నన్ను ఆర్టిస్టుగారూ అనేవాడు, ఆ మాట అనేవాడు ఊళ్లో ఆయన ఒక్కడే.

ఆయన ఉత్తినే కూర్చుంటే నాకు సుఖంగా ఉండేది. ఆయన అలా కూర్చునే రకం కాదు. ఆర్డరు ఇవ్వడానికి వచ్చినవాళ్లని ముందు ఒక ప్రశ్న అడగాలి. "కూర్చున్నప్పుడు చేతులు ఎక్కడ పెట్టుకునేవారండీ?" ఇంతే ప్రశ్న. చిత్రమేమిటంటే ఎవరికీ తెలిసేది కాదు. నాన్నకి బీపీ ఎంతో తెలుసు, ఏ మాత్ర ఏ పూట వేసుకునేవాడో తెలుసు, చేతులు ఎక్కడ పెట్టుకునేవాడో తెలియదు. కంకిపాడు నుంచి వచ్చిన ముగ్గురు అక్కచెల్లెళ్లు దీని మీద నా షాపులోనే పోట్లాడుకున్నారు. పెద్దామె ఒళ్లో అంది. రెండో ఆమె వెనక్కి కట్టుకునేవాడంది. మూడో ఆమె, నాన్న చేతులు నాకు గుర్తుకే రావట్లేదని ఏడుపు లంకించుకుంది. ఆయన వాళ్లకి టీ తెప్పించి, ఇంటికెళ్లి అమ్మగారిని అడిగి రండమ్మా అని పంపించేశాడు. కాన్వాసు బిగించుకుని నేను గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాను.

గుడివాడ దగ్గర ఒక పాస్టరుగారు పోయారు. ఒళ్లో బైబిలుతో వెయ్యమని వాళ్లమ్మాయి వచ్చింది. మా మనిషి చెప్పులు విప్పి, చేతులు సబ్బుతో కడుక్కొచ్చి, ఏ పేజీ తెరవాలమ్మా అన్నాడు. పేజీ బొమ్మలో కనపడదు మొర్రో అన్నాను. "నాకు కనపడుతుంది కదండీ" అన్నాడు. ఆ అమ్మాయి కీర్తనల గ్రంథం అంది. అదే తెరిచి, పెదాలు కదుపుతూ చదువుకుంటూ కూర్చున్నాడు. ఒకసారి కదలొద్దండీ అంటే, ఈ ఒక్క కీర్తనా అయిపోనివ్వండి అన్నాడు. బొమ్మ తీసుకుపోయేటప్పుడు ఆ అమ్మాయి పేజీ తిప్పబోతున్న ఆ వేళ్లకేసే చూస్తూ నిలబడిపోయింది. ముఖం మీద నేను వారం రోజులు కష్టపడ్డాను.

ఇంకోసారి బందరు అవతల నుంచి, సముద్రం మీద వేటకి వెళ్లే మనుషులు వచ్చారు. వాళ్ల అయ్య బతుకంతా చొక్కా ఎరగడు. బొమ్మలో మాత్రం కోటు ఉండాలి. షాపులో ఉన్న కోటు తొడుక్కుని మా మనిషి కూర్చున్నాడు. కాసేపటికి, "ఈయనకి ఉక్కగా ఉందండీ" అన్నాడు. మీకా అన్నాను. "నాకు కాదండీ, ఈయనకే." ఫ్యాను పెంచినా ఒప్పుకోలేదు, మెడ దగ్గర వేలు దూర్చి కాలరు లాగుతూనే కూర్చున్నాడు. విసుగొచ్చి అలాగే వేసి పారేశాను. కొడుకు వచ్చి చూసి, మా చెల్లి పెళ్లిలో ఆ ఒక్కరోజు చొక్కా తొడిగితే, అయ్య పొద్దస్తమానం ఇట్టానే ఉన్నాడండీ అన్నాడు.

ఆ బొమ్మలన్నిటినీ ఆయన "నేను" అనే అనేవాడు. కంకిపాడులో నన్ను మంచి చోట పెట్టారండీ, గాలీ వెలుతురూ వస్తుంది. గుడివాడలో నన్ను ఫ్రిజ్ పైన ఎక్కించారు. ఉప్పులూరులో దోమతెర తాడు నాకే కట్టారు. ఇవన్నీ ఆయనకి ఎలా తెలుసంటే, ప్రతి పెద్దకర్మకీ, మళ్లీ సంవత్సరీకానికీ వెళ్లేవాడు. పిలిచినా వెళ్లేవాడు, పిలవకపోయినా వెళ్లేవాడు. బొమ్మ ముందు నిలబడి మెడ దగ్గర నుంచి పాదాల దాకా ఒకసారి చూసుకుని, పూలు వేసి, దణ్ణం పెట్టి భోజనానికి కూర్చునేవాడు. మీరెవరండీ అని ఎవరైనా అడిగితే, ఆయనకి బాగా కావలసినవాణ్ణి అనేవాడు. అది అబద్ధమని కూడా అనలేం. ముఖం పోలిక కుదిరిందా అని నేనడిగితే మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. మెడ పైన మీ డిపార్ట్‌మెంటండీ, నేను చూడను అనేవాడు. తన ఒంటికి దండలు పడుతుంటే భయం లేదా అని ఒకసారి అడిగాను. "దండ తలని చూసి వేస్తారు కదండీ, తల నాది కాదుగా" అన్నాడు.

ఒక శీతాకాలం పొద్దున, ఆయన ఇంకా రాకముందు, ఉయ్యూరు పక్క పల్లె నుంచి ముప్పై ఏళ్ల అతను వచ్చాడు. తండ్రి పోయాడు, వ్యవసాయదారుడు, పంచె లాల్చీలో వెయ్యండి అని ఫోటో ఇచ్చి, క్యాటరింగు వాళ్లతో మాట్లాడాలని వెళ్లిపోయాడు. తర్వాత మా మనిషి వచ్చాడు. నా దగ్గరున్న పట్టు లాల్చీ వేసుకున్నాడు, షాపు మొత్తానికి మంచి బట్ట అదొక్కటే. కుర్చీలో సర్దుకుని, ఈసారి నేనెవరినండీ అన్నాడు. ఫోటో చేతికిచ్చి ఊరి పేరు చెప్పాను.

ఫోటో చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. లేచి వెనక దొడ్లోకి నడిచాడు. అక్కడ మునిసిపాలిటీ పంపు కింద బకెట్టు నిండుగా ఉంది. దాన్ని రెండు చేతులా ఎత్తి నెత్తిన కుమ్మరించుకున్నాడు, పట్టు లాల్చీతో, కండువాతో, కళ్లజోడుతో సహా. లాల్చీ అండీ, లాల్చీ అంటూ నేను వెనకాల పరిగెత్తాను. నీళ్లు కారుతూ వచ్చి మళ్లీ కుర్చీలో కూర్చుని, "మా అన్నండీ" అన్నాడు.

అయినవాళ్లు పోయిన కబురు చెవిన పడితే కట్టుబట్టలతో తలమీద నీళ్లు పోసుకోవాలి. ఆ సంగతి నాకూ తెలుసు. ఎవరి బట్టలు అన్నది అందులో లేదు. నోరు మూసుకుని తువ్వాలు ఇస్తే తీసుకోలేదు. కానివ్వండి, వెయ్యండి అన్నాడు. కుడికాలు కుర్చీ మీదికి మడిచి పెట్టుకుని, ఎడంచేత్తో ఆ కాలి బొటనవేలు పట్టుకుని కూర్చున్నాడు. బాబాయిగారూ, పెద్దకర్మకి పెట్టే బొమ్మ ఇది, నలుగురూ దణ్ణం పెట్టుకునేది, కాలు దించండి అన్నాను. మా అన్న ఇలాగే కూర్చుంటాడండీ అన్నాడు. చేతుల ప్రశ్న ఆ రోజు ఎవరినీ అడగక్కర్లేకపోయింది.

తల తిప్పకుండా, ఎటో చూస్తూ, నేను బొగ్గుతో గీస్తుంటే చెప్పాడు. ఏళ్ల కిందట వాళ్లమ్మ పోయిన రోజున హాల్లో కొత్త సినిమా. కబురు మేనేజరుకి వచ్చింది. కౌంటరులో ఇంకో మనిషి లేడు గనక, మేనేజరు టికెట్లన్నీ అయ్యాక చెప్పాడు. బస్సు పట్టుకుని వెళ్లాడు. ఊరి కాలవగట్టు మీద జనం ఎదురొస్తున్నారు, తడిబట్టలతో, శ్మశానం నుంచి తిరిగి. ముందు అన్న ఉన్నాడు. ఆయన అన్నని ఏమీ అడగలేదు. అన్న కూడా ఏమీ అనలేదు. అదే బస్సు అవతల వైపు నుంచి తిరిగి వస్తే ఎక్కి వచ్చేశాడు. మళ్లీ ఆ ఊరు తొక్కలేదు. వాళ్లమ్మకి ఫోటో అంటూ కూడా ఎక్కడా లేదు. "కడచూపండీ. ఒక్క గంట ఆగితే సరిపోయేది" అన్నాడు. ఇప్పుడు అన్న కడచూపూ పోయింది. ఈయన ఎక్కడున్నాడో వాళ్లకి తెలియదు, చెప్పేవాళ్లు లేరు. అన్నని తను చూసింది నేనిచ్చిన ఆ తపాలా బిళ్ల ఫోటోలోనే.

నాకు చాలా బాధేసింది. ఇన్నేళ్లు ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఈయనకి అన్న ఉన్నాడని కూడా నాకు తెలియదు. పెద్దకర్మకి ఇద్దరం కలిసి వెళ్దామన్నాను. పిలవలేదు కదా అన్నాడు. నాకు ఒళ్లు మండింది. పిలవని కర్మలకి వెళ్లి అన్నేసి భోజనాలు చేసిన మనిషి ఇప్పుడు పిలుపు అడుగుతున్నాడేంటి అన్నాను.

"అక్కడికి బొమ్మగా వెళ్లేవాణ్ణండీ" అన్నాడు. "ఇక్కడికి తమ్ముడిగా వెళ్లాలి. తమ్ముణ్ణి పిలవాలి."

మర్నాటి నుంచి షాపుకి రాలేదు. కాలు దించి వేద్దామని రెండుసార్లు అనుకుని, చెయ్యి రాక అలాగే వేశాను. పెద్దకర్మ పొద్దున ట్రాలీ ఆటోలో బొమ్మ ఎక్కించుకుని ఒక్కణ్ణే వెళ్లాను.

ఇంటి ముందు షామియానా, కుర్చీలు, ఊరంతా ఉంది. బొమ్మ మీద కప్పిన గుడ్డ తీయగానే కొడుకు ముఖం మాడ్చుకున్నాడు. మా నాన్న ఎప్పుడూ ఇలా కూర్చోలేదండీ, నేను పుట్టి ఇన్నేళ్లయింది, ఒక్కసారి కూడా చూడలేదు అన్నాడు. పెద్దవాళ్లెవరో, పోయినాయన్ని రచ్చబండ మీద కూర్చోబెట్టినట్టుంది, ఇదేం బొమ్మయ్యా అన్నారు. ఇంకొకాయన, ఫ్లెక్సీ వేయించుకుంటే సరిపోయేదిగా అన్నాడు. ఆ మాటకి నేను జవాబు ఇవ్వబోతుంటే పోయినాయన భార్య లోపల నుంచి వచ్చింది. పొట్టి మనిషి. వచ్చి బొమ్మ ముందు నిలబడింది. ముఖాన్ని చూసింది. కాలు చూసింది, బొటనవేలు పట్టుకున్న చెయ్యి చూసింది.

"నీకు తెలియదులేరా" అంది కొడుకుతో. ఆయనకి మోకాలు పట్టేసింది వీడు పాలు తాగేటప్పుడట. ఆ తర్వాత అలా కాలు మడిచిందే లేదట. నా వైపు తిరిగింది.

"ఇట్టా కూర్చుంటాడని చెప్పినవాడు, ఆ మోకాలు సంగతి తెలియనివాడు. మా మరిది మీకు ఎక్కడ దొరికాడు నాయనా?"

చెప్పాను. హాలు పడగొట్టడం, నా షాపు, కుర్చీ, బకెట్టు, తడిసిన లాల్చీ అన్నీ చెప్పాను. ఆ ఒక్క గంట సంగతి కూడా చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది అనుకున్నాను గాని అప్పటికే చెప్పేశాను. ఆవిడ కొంగు సర్దుకుంది.

"ఆగకపోవటం తప్పే. పొద్దుగూకుతుందన్నారు, ఈయన తలూపాడు. ఆ తప్పు ఆయన నోటెంట రాలేదు, రాకుండానే పోయాడు. నేనంటున్నా, తప్పే" అంది. మరిదికి ఫోను చెయ్యమంది. క్యాటరింగు వాణ్ణి పిలిచి, నే చెప్పిందాకా విస్తళ్లు వెయ్యొద్దు అంది.

ఫోను చేశాను. వదినగారు రమ్మంటున్నారు అన్నాను. భోజనాలయ్యాయా అన్నాడు. మీరు వస్తేగాని వడ్డించరట అన్నాను. ఎంతమంది ఉన్నారండీ అన్నాడు. ఊరంతా అన్నాను.

"ఎంతసేపు ఆగుతారంట?"

ఆవిడని అడిగాను. ఫోను దాకా వినపడేలా చెప్పింది. "పొద్దుగూకనీ. ఆగుతాం."

ఆగారు. అది చెరుకు నడిచే కాలం, ఉయ్యూరు రోడ్డు నిండా ఫ్యాక్టరీకి వెళ్లే ట్రాక్టర్లు. ఆయనెక్కిన బస్సు కంకిపాడు దాటి వాటి వెనకాల చిక్కుకుంది. షుగరున్న పెద్దమనుషులకి అరటిపళ్లు పంచారు. గారెలు చల్లారిపోయాయని క్యాటరింగు వాడు మూడోసారి వచ్చి చెబితే, చల్లారనీ అంది ఆవిడ. ఫ్లెక్సీ ఆయన ఆకలికి ఆగలేక ఇంటికి వెళ్లొచ్చాడు, తిని వచ్చినట్టు ఎవరికీ చెప్పలేదు గాని మూతి చెప్పింది. ఎండ షామియానా ఈ పక్క నుంచి ఆ పక్కకి జరిగాక, సందు మొదట్లో మా మనిషి కనపడ్డాడు, ఇస్త్రీ చొక్కాలో, చెప్పులు చేత్తో పట్టుకుని.

కాళ్లు కడుక్కో అంది వదిన. కడుక్కున్నాడు. బొమ్మ ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఈసారి మెడ కిందకి చూడలేదు. అన్న ముఖం చూస్తూ అలాగే ఉన్నాడు, ఎవరూ కదిలించలేదు. ఎంతకీ తెమలకపోతే నేనే దగ్గరికి వెళ్లాను.

"ఇంత ముసలాడు ఎప్పుడయ్యాడండీ" అని అడిగాడు నన్ను. అప్పుడు ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. తర్వాత చల్లటి గారెలు అందరం తిన్నాం.

ఆ తర్వాత ఆయన నెలకోసారి ఆ ఊరు వెళ్లేవాడు. కొన్నాళ్లకి నా దగ్గరికే నెలకోసారి రావడం అయింది. అప్పటికి నాకూ ఆర్డర్లు తగ్గిపోయాయి. ఇప్పుడు ఫోన్లో యాప్ ఉంది, తల ఇస్తే సూటు అదే తొడుగుతుంది, చేతులు ఎక్కడ పెట్టుకునేవారని అడగదు. షాపులో కుర్చీ మీద రంగు డబ్బాలు పెట్టుకోవడం మొదలుపెట్టాను.

ఆయన వదినగారింట్లోనే, పొద్దున కాఫీ తాగి, మంచం మీద వాలి, అలాగే పోయాడు. అన్న కొడుకు ఫోను చేశాడు. నేను ఆ రోజు ఏలూరు అవతల ఒక పెళ్లిలో ఉన్నాను. ఎంత లేదన్నా వచ్చేసరికి సాయంత్రమవుతుంది, మీరు కానివ్వండి, నేను తర్వాత వస్తాను అన్నాను. నేను వాళ్లకి బంధువుని కాను, బొమ్మలు వేసేవాణ్ణి.

"లేదండీ" అన్నాడతను. "మీరు రావాలంట. అమ్మ ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వట్లేదు. ఆగుతామండీ."

రెండు బస్సులు మారి వెళ్లాను. పొద్దు దిగుతోంది. వాకిట్లో పాడె కట్టి సిద్ధంగా ఉంది. మగవాళ్లంతా అరుగుల మీద కూర్చుని ఉన్నారు, ఎవరూ నన్ను ఆలస్యమైందని అనలేదు, లేచి దారి ఇచ్చారంతే. ఆవిడ ఆయన తల పక్కన కూర్చుని ఉంది. ముఖం మీద గుడ్డ తీసింది. ఇన్నేళ్లు మెడ దగ్గర నుంచి కిందికే చూసిన మనిషి. చేతులు గుండెల మీద ఎవరో పెట్టారు, అవి నాకు చూడకుండానే తెలుసు. ముఖం ఎలా చూడాలో తెలియక తడబడ్డాను.

"చూసుకో నాయనా" అంది ఆవిడ కాస్త పక్కకి జరిగి. "తొందరేం లేదు."

కింద కూర్చుని, తొందరపడకుండా చూశాను.